గర్భిణుల తలనొప్పి: మాట, లక్షణం, జాగ్రత్త – ఫలక్‌నుమా పరిసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'తలనొప్పి' అనే మాటకు రెండు అర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి శరీరబాధ. రెండోది చికాకు. ఆఫీసు పని తలనొప్పి, కరెంటు బిల్లు తలనొప్పి, పక్కింటివారి తగవు తలనొప్పి. ఇంత విరివిగా వాడబడటం వల్ల కాబోలు, మొదటి అర్థంలో ఆ మాట పలికినప్పుడు కూడా వినేవారికి అది పెద్దగా పట్టదు. ఇంట్లో ఆడమనిషి కడుపునొప్పి అంటే నలుగురూ లేస్తారు. తలనొప్పి అంటే "కాసేపు పడుకో" అంటారు. గర్భిణి విషయంలో ఈ అలవాటు ఒక్కొక్కసారి ప్రాణాంతకంగా పరిణమిస్తుంది. గర్భధారణలో కలిగే తలనొప్పుల్లో అధికభాగం ప్రమాదం లేనివే. కొన్ని మాత్రం రక్తపోటు, మెదడులో రక్తం గడ్డకట్టడం వంటి తీవ్రస్థితులకు తొలి సూచనలు. రెండు రకాలూ ఇంట్లోవారి చెవికి ఒకే మాటగా వినిపించడమే ఇక్కడి చిక్కు.

ఈ చిక్కును పరిశీలించడానికి హైదరాబాదు పాతనగరంలోని ఫలక్‌నుమా అనువైన ప్రదేశం. పైగా వంశీయుడైన నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన రాజప్రాసాదం గుట్టమీద ఉంటుంది. ఆ పేరుకు 'ఆకాశదర్పణం' అని అర్థం చెబుతారు. గుట్టకింద ఇంజన్‌బౌలి, జహానుమా, శంషీర్‌గంజ్, జంగమ్మెట్ వంటి బస్తీలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. ఈ బస్తీల్లో దక్కనీ ఉర్దూ, తెలంగాణ తెలుగు ఒకే గోడకు అటూ ఇటూ వినిపిస్తాయి. చాలామంది స్త్రీలు రెండూ మాట్లాడతారు. బాధ చెప్పుకునేటప్పుడు మాత్రం ఎవరి ఇంటిభాష వారిది. చార్మినారు దిక్కుగా వెళితే పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి వస్తుంది. చార్మినారు పక్కనే నిజామియా యునానీ వైద్యాలయం ఉంది. ఇంటివైద్యం, యునానీ, ఆయుర్వేదం, అల్లోపతి నాలుగూ ఒకే ఇంట్లో కలిసి నడిచే చోట ఒక గర్భిణి తలనొప్పి ఏ దారిన వెళుతుందన్నది తేలికగా తీసుకోదగిన ప్రశ్న కాదు.

ప్రసూతి మరణం ఈ నగరచరిత్రలో ఒక ఆసుపత్రి పుట్టుకకే కారణమైంది. ఏడవ నిజాం కోడలు నీలోఫర్‌ను తన పరిచారిక కాన్పులో మరణించడం కదిలించిందనీ, ఆ దుఃఖంలోంచే రెడ్‌హిల్స్‌లో ఆమె పేరుతో ఆసుపత్రి వెలిసిందనీ ప్రసిద్ధి. అది 1953లో ప్రారంభమైంది. అప్పటికీ ఇప్పటికీ పరిస్థితి ఎంతో మెరుగుపడింది. 2018-20 నమూనా నమోదు గణాంకాల ప్రకారం తెలంగాణలో లక్ష సజీవ జననాలకు 43 ప్రసూతి మరణాలు నమోదయ్యాయి. దేశం మొత్తానికి ఆ సంఖ్య 97. మిగిలిన మరణాల్లో నివారించదగినవాటిని గుర్తించాలంటే రక్తస్రావం వంటి కంటికి కనిపించే కారణాలతోపాటు తలనొప్పి వంటి కనిపించని లక్షణాలనూ వినవలసి ఉంటుంది.

2. తలనొప్పికి ఉన్న పేర్లు

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం పదకొండు శిరోరోగాలను పేర్కొంది. వాటిలో తల సగభాగానికి వచ్చే నొప్పి 'అర్ధావభేదకం'. ప్రొద్దెక్కేకొద్దీ పెరిగి సాయంత్రానికి తగ్గేది 'సూర్యావర్తం'. కణతలను పట్టేది 'శంఖకం'. యునానీ వైద్యంలో తలనొప్పికి సాధారణనామం 'సుదా', ఒకవైపు నొప్పికి 'షకీకా'. పాతబస్తీ ఉర్దూలో దీనినే 'ఆధా సీసీ' అంటారు. తెలుగువారు 'పార్శ్వపు నొప్పి' అన్నారు. నేటి వైద్యులు మైగ్రేన్ అని పిలిచేదానికి ఈ మాటలన్నీ దగ్గరగా వస్తాయి. నొప్పి ఎక్కడ, ఏ వేళ, ఎలా అన్నదానిని బట్టి పేరు పెట్టడం ఈ సంప్రదాయాలన్నింటిలో ఉంది. నేటి నిర్ధారణలో వైద్యులు వేసే మొదటి ప్రశ్నలు కూడా అవే కావడం గమనార్హం.

పుస్తకాల పేర్లకంటే వాడుకమాటలు ఇక్కడ ముఖ్యం. తెలంగాణ వ్యవహారంలో 'తలకాయ నొస్తున్నది', 'తల పోటు పెడుతున్నది', 'దిమ్ముగున్నది', 'తల బరువున్నది', 'తల తిరుగుతున్నది', 'కండ్లు బైర్లు కమ్మినయి' అనేవి వేర్వేరు అనుభవాలు. దక్కనీలో 'సర్ మే దర్ద్' వేరు, 'సర్ భారీ' వేరు, 'చక్కర్' వేరు. నమోదు పత్రంలో మాత్రం 'తలనొప్పి: ఉంది / లేదు' అన్న ఒక్క గడి ఉంటే, ఈ భేదాలన్నీ దానిలో కలిసిపోతాయి. ఉదాహరణకు ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్త "తలనొప్పి ఉన్నదా?" అని అడిగితే, ఒక గర్భిణి "లేదక్కా, నొస్తలేదు గని దిమ్ముగున్నది, పొద్దుగాల కండ్లముందట మిణుకుమిణుకుమన్నది" అనవచ్చు. గడిలో 'లేదు' అని పడుతుంది. నిజానికి ఆమె చెప్పిన రెండో వాక్యమే వినవలసినది. కళ్ళముందు మెరుపులు, మసకలు, చుక్కలు కనిపించడం అధిక రక్తపోటు మెదడును, కంటిని తాకుతున్నదనడానికి సూచన కావచ్చు. గర్భిణి మూర్ఛకు వైద్యులు వాడే 'ఎక్లాంప్సియా' అనే పేరు మెరుపు అనే అర్థమిచ్చే గ్రీకు పదంనుంచి వచ్చింది. మెరుపులా హఠాత్తుగా వచ్చిపడేది అన్న భావంతో ఆ పేరు పెట్టారు. తెలుగువాడుకలో దీనికి 'గుర్రపువాతం' అన్న పేరుంది.

కాబట్టి "తలనొప్పి ఉన్నదా?" అనే ప్రశ్నకు బదులు "తల ఎట్లున్నది? చూపు ఎట్లున్నది?" అని అడగడం మేలు. ఇది భాషాశాస్త్ర చమత్కారం కాదు. అవును, కాదు అన్న జవాబుకు వీలిచ్చే ప్రశ్నకూ, వర్ణన కోరే ప్రశ్నకూ మధ్య తేడా ఒక్కొక్కసారి ఒక రోజు ఆలస్యంగా మారుతుంది.

3. తొలినెలల తలనొప్పులు

నెల తప్పిన తొలి మూడునెలల్లో హార్మోన్ల మార్పు, శరీరంలో రక్తపరిమాణం పెరగడం, వేవిళ్ళ వల్ల తిండి, నీరు నిలవకపోవడం, నిద్రలేమి అన్నీ కలిసి తలనొప్పికి దారితీస్తాయి. పూర్వంనుంచి పార్శ్వపు నొప్పి ఉన్నవారిలో ఈ కాలంలో అది పెరగవచ్చు. తర్వాతి ఆరునెలల్లో చాలామందికి, సగానికి పైగా స్త్రీలకు, అది తగ్గుముఖం పడుతుంది. ఇది గర్భిణికి ఊరటనిచ్చే విషయమే. దీనికి మరో కోణం ఉంది: మైగ్రేన్ చరిత్ర ఉన్నవారికి గర్భకాలపు రక్తపోటు వచ్చే అవకాశం ఇతరులకంటే కొంత ఎక్కువ. "నాకు పెళ్ళికి ముందునుంచీ ఉన్నదే" అన్న మాట అందువల్ల రక్తపోటు పరీక్షను మానడానికి కారణం కారాదు.

టీ విషయం పాతనగరంలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. రోజుకు ఆరేడు కప్పుల చాయ్ తాగే అలవాటున్న స్త్రీ, గర్భమని తెలియగానే ఒక్కసారిగా మానేస్తే, ఒకటి రెండు రోజుల్లో తల పగిలిపోతున్నట్లుంటుంది. ఇది కెఫీన్ లేమివల్ల వచ్చే నొప్పి. కొద్దిరోజుల్లో దానంతట అదే పోతుంది. క్రమంగా తగ్గించుకుంటే అసలు రాకపోవచ్చు. గర్భిణులు రోజుకు 200 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ తీసుకోరాదని పలు ప్రసూతివైద్య సంఘాలు సూచిస్తాయి. చిక్కటి ఇరానీ చాయ్‌లో కెఫీన్ ఎంతన్నది డికాషన్‌ను బట్టి మారుతుంది కనుక రెండుమూడు చిన్న కప్పులతో ఆపడం మంచిది. భోజనంతోపాటు టీ తాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. దేశంలోనూ తెలంగాణలోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులని అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) తేల్చింది. రక్తహీనత కూడా తలనొప్పికి, తలతిరుగుడుకు కారణమే. ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే చాయ్ తాగే అలవాటు అక్కడి ప్రయోజనాన్ని ఇక్కడ పోగొడుతుంది.

ఉపవాసం మరొక కారణం. రంజాన్ నెలలో రోజాలుండే గర్భిణికి మధ్యాహ్నం దాటాక వచ్చే నొప్పి, ఏకాదశికో అట్లతద్దికో నీళ్ళయినా ముట్టని గర్భిణికి వచ్చే నొప్పి ఒకటే: నీరు తగ్గడం, రక్తంలో చక్కెర పడిపోవడం. తనకుగానీ బిడ్డకుగానీ హాని కలుగుతుందన్న భయమున్న గర్భిణి రోజాను వాయిదా వేసుకోవచ్చునని ఇస్లామిక ధర్మశాస్త్రం అనుమతిస్తుంది. హిందూకుటుంబాల్లో కూడా చూలాలికి కఠిన ఉపవాసం పనికిరాదనే పెద్దలు చెబుతారు. చిక్కంతా శాస్త్రంలో కాదు, నలుగురూ ఉంటుంటే తానొక్కతే తినడానికి కలిగే సంకోచంలో ఉంది.

4. అయిదో నెల తర్వాత

ఇరవై వారాలు దాటాక కొత్తగా వచ్చిన తలనొప్పి, లేదా పాతనొప్పే తీరు మార్చుకుంటే, ముందుగా చూడవలసింది రక్తపోటు. ఇక్కడ లెక్క విషయంలో ఒక చిన్న తిరకాసు ఉంది. వైద్యులు వారాల్లో చెబుతారు, ఇంట్లో నెలల్లో లెక్కిస్తారు. 'అయిదో నెల పడింది' అంటే నాలుగు నిండాయని. 'అయిదు నిండినయి' అంటే ఆరో నెల. వినేవారు ఒక నెల అటూఇటూ పొరబడే అవకాశముంది. చివరి బహిష్టు తేదీని మాతాశిశు సంరక్షణ కార్డులో రాయించుకుంటే ఈ సందిగ్ధం ఉండదు.

ప్రీఎక్లాంప్సియా అనే స్థితికి మూలం మాయలో ఉంటుంది. గర్భాశయపు రక్తనాళాలు తొలినెలల్లో వెడల్పు కావలసినంత కానప్పుడు మాయకు రక్తం చాలదు. అది తల్లి రక్తంలోకి విడుదలచేసే పదార్థాలు ఒళ్ళంతటి రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తాయి. ఫలితంగా రక్తపోటు పెరుగుతుంది, మూత్రంలో ప్రోటీన్ పోతుంది, కాలేయం, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినవచ్చు. రక్తపోటు 140/90 లేదా అంతకు మించితే గర్భకాలపు అధిక రక్తపోటుగా పరిగణిస్తారు. 160/110 చేరితే అది అత్యవసర స్థితి. గంటలు ఆగరాదు. మెదడులోని రక్తనాళాలు ఆ ఒత్తిడిని తట్టుకోలేనప్పుడు నీరు ఊరి వాపు వస్తుంది. అప్పుడు తలనొప్పి, చూపు మసకలు. ఆ తర్వాత మూర్ఛ.

తలనొప్పి ఒక్కటే కాక దానితోపాటు వచ్చేవాటిని చూడాలి. సాయంత్రానికి కాళ్ళకు కొంత నీరు దిగడం చాలామంది గర్భిణులకు సహజమే. ముఖం, చేతులు ఉబ్బడం సహజం కాదు. ఏడోనెల శ్రీమంతంలో తొడిగిన గాజులు వారం తిరిగేసరికి మణికట్టుకు బిగుసుకున్నాయంటే, ఉంగరం రావడం లేదంటే, 'ఒళ్ళు చేసింది' అని సంతోషించే ముందు బీపీ చూపించాలి. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, 'కడుపుల మంట', 'గ్యాస్' అని చెప్పుకునేది కాలేయపు వాపు కావచ్చు. మూత్రం తగ్గడం, ఆయాసం, బిడ్డ కదలిక తగ్గడం కూడా లెక్కలోకి వస్తాయి. పిడుగు పడ్డట్లు ఒక్క నిమిషంలో ఉద్ధృతమయ్యే తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకునే తలనొప్పి, మాట తడబడటం, ఒక చెయ్యి లేదా కాలు చచ్చుబడటం, స్పృహ తప్పడం ఏ నెలలోనైనా ఆసుపత్రికి పరుగెత్తవలసినవే. వీటిలో ఏదైనా కనిపిస్తే తెల్లవారేవరకు ఆగడం సరికాదు. 108 వాహనం ఇటువంటి వేళకోసమే ఉంది.

మూర్ఛ వచ్చాక దానిని 'గాలి', 'నజర్', 'దిష్టి'గా భావించి ఎర్రనీళ్ళు దిగదుడిచేవారు ఈనాటికీ ఉన్నారు. వారిని మూఢులని కొట్టిపారేయడం సులువు. అంతకుముందు రెండురోజులుగా ఆమె తలనొప్పి అంటుంటే విననివారిలో చదువుకున్నవారూ ఉంటారన్నది మరవరాదు. ప్రసూతి మరణాలకు దారితీసే 'మూడు జాప్యాలు' అనే భావనను థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో ప్రతిపాదించారు: వైద్యం అవసరమని నిర్ణయించుకోవడంలో జాప్యం, ఆసుపత్రికి చేరడంలో జాప్యం, చేరాక వైద్యం అందడంలో జాప్యం. ఫలక్‌నుమా వంటి నగరప్రాంతంలో రెండోది గ్రామాలతో పోలిస్తే తక్కువ. మొదటిది ఇంటి గడపలోనే జరుగుతుంది. భర్త పనినుంచి రావాలి, అత్తగారు సరేననాలి, పెద్దపిల్లను ఎవరో చూసుకోవాలి. మాట ఎంత బలంగా చెప్పబడిందన్నదాని మీదే ఈ అనుమతులన్నీ ఆధారపడి ఉంటాయి.

వైద్యం విషయానికి వస్తే, 19వ శతాబ్దంలో ఈ మూర్ఛలకు రక్తం తీయడం, క్లోరోఫాం వాసన చూపించడం చికిత్సలు. హైదరాబాదులోనే ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888, 1889లలో క్లోరోఫాం కమిషన్లు ఆ మందు భద్రతను పరీక్షించాయి. ఈనాడు మూర్ఛల నివారణకు మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. 33 దేశాల్లో పదివేలకు పైగా గర్భిణులతో జరిగిన 'మ్యాగ్‌పై' పరిశోధన 2002లో అది మూర్ఛల ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని నిరూపించింది. ఖరీదైన మందు కాదు. అయితే అది ఆసుపత్రిలో, పర్యవేక్షణలో మాత్రమే ఇవ్వదగినది. ఇంటినుంచి ఆసుపత్రికి చేరడమే అసలు మెట్టు.

రక్తపోటు చూడటంలోనూ జాగ్రత్తలున్నాయి. మెట్లెక్కి వచ్చిన వెంటనే కాక అయిదు నిమిషాలు కూర్చున్నాక, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, చెయ్యి గుండె ఎత్తున పెట్టి చూడాలి. పట్టీ చేతికి సరిపోయేదిగా ఉండాలి. బిగుతైన చిన్న పట్టీ ఎక్కువ చూపిస్తుంది. నల్లటి బురఖా చేతిమీదుగానో మందపాటి జాకెట్టు చేతిమీదుగానో పట్టీ చుట్టడం రద్దీవేళల్లో జరుగుతుంటుంది. చెయ్యి ఖాళీగా ఉండటానికి కొంత చాటు కల్పిస్తే ఆ పొరపాటు తప్పుతుంది. ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరిపే కార్యక్రమం 2016నుంచి నడుస్తున్నది. బస్తీ దవాఖానాల్లోనూ బీపీ చూస్తారు. తలనొప్పి వచ్చినప్పుడు 9వ తేదీ కోసం ఎదురుచూడనక్కరలేదు.

5. మందులు, పట్టులు, తైలాలు

రక్తపోటు సరిగా ఉంది, ప్రమాదసూచనలేవీ లేవు అని తేలాక నొప్పికి చేయగలిగినది చాలా ఉంది. చీకటిగదిలో పడుకోవడం, నీళ్ళు తాగడం, వేళకు తినడం, నుదుటిమీద తడిగుడ్డ వేయడం మొదటి మెట్టు. శొంఠి అరగదీసి పట్టువేయడం తెలుగిళ్ళలో పాత అలవాటు; చర్మం మండకపోతే హాని లేదు. అమృతాంజనం 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో ప్రారంభించినది. జిందా తిలిస్మాత్ 1920 ప్రాంతంనుంచి హైదరాబాదు ఇళ్ళలో ఉన్నది. తెలుగువారి తలనొప్పి చరిత్రలో ఈ రెండు సీసాలకూ చోటుంది. బామ్‌లలో సాధారణంగా మెంథాల్, కర్పూరం, మిథైల్ సాలిసిలేట్ ఉంటాయి కనుక కొద్దిగా, నుదుటికి పరిమితం చేయాలి. ఏ తైలాన్నయినా పాలలోనో టీలోనో చుక్కలు వేసి లోనికి తీసుకునే ముందు మాత్రం గర్భిణి వైద్యులను అడగాలి.

మాత్రల్లో పారాసిటమాల్ మొదటి ఎంపిక. 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర, కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, వైద్యుల సలహామేరకు, వీలైనంత తక్కువ రోజులు. రోజు మొత్తానికి 4 గ్రాములు మించరాదు. ఈ మందుకు పిల్లల్లో ఆటిజానికి ముడిపెడుతూ 2025లో విస్తృతంగా చర్చ సాగింది. స్వీడన్‌లో దాదాపు 24.8 లక్షలమంది పిల్లల వివరాలతో 2024లో వెలువడిన అధ్యయనం, తోబుట్టువులను ఒకరితో ఒకరిని పోల్చిచూసినప్పుడు అటువంటి సంబంధమేదీ కనబడలేదని తేల్చింది. భయపడి జ్వరాన్నీ నొప్పినీ భరించడంకంటే అవసరమైనప్పుడు తక్కువ మోతాదు వాడటమే మేలని ప్రసూతివైద్యుల అభిప్రాయం.

'తలనొప్పి గోలీ' అని కిరాణాకొట్లో అడిగి తెచ్చుకునేవన్నీ పారాసిటమాల్ కావు. కొన్నింటిలో ప్రొపిఫెనజోన్, కెఫీన్ కలిసి ఉంటాయి. కొన్నింటిలో డైక్లోఫెనాక్, ఏసీక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఉంటాయి. ఇరవై వారాల తర్వాత ఇవి బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. చివరి మూడునెలల్లో బిడ్డ గుండెకు సంబంధించిన ఒక నాళం ముందే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. ఎర్గోటమిన్ ఉన్న పార్శ్వపునొప్పి మందులు, నివారణకు వాడే వాల్‌ప్రోయేట్ గర్భిణులకు నిషిద్ధం. మైగ్రేన్‌కు ముందునుంచి మందు వాడుతున్నవారు నెల తప్పిన వెంటనే, వీలైతే అంతకుముందే, చీటీ తీసుకెళ్ళి చూపించాలి. ఆస్పిరిన్ విషయంలో గందరగోళం సహజం. ప్రీఎక్లాంప్సియా ముప్పున్నవారికి పదహారు వారాల లోపే వైద్యులు ప్రారంభించే చిన్నమోతాదు ఆస్పిరిన్ నివారణ మందు. తలనొప్పికోసం వేసుకునేది కాదు, తలనొప్పి తగ్గిందని మానేసేదీ కాదు.

పారాసిటమాల్‌తో నొప్పి తగ్గినంతమాత్రాన రక్తపోటు లేనట్లు కాదు. మాత్ర నొప్పిని తగ్గిస్తుంది, రక్తపోటును కాదు. నెలలో పదిహేను రోజులకు పైగా మాత్రలు వేసుకుంటుంటే ఆ మాత్రలే కొత్త తలనొప్పికి కారణమవుతాయి.

6. బాలింత తలనొప్పి

కాన్పుతో ప్రమాదం తీరిపోయిందనుకోవడం చాలా ఇళ్ళలో కనిపించే భావన. ప్రీఎక్లాంప్సియా ప్రసవం తర్వాత కూడా, ఆరువారాల వరకు, కొత్తగా బయటపడవచ్చు. మొదటి వారం మరింత జాగ్రత్తగా ఉండవలసిన కాలం. ఆ సమయానికి బాలింత పుట్టింట్లో ఉంటుంది, పరీక్షల కార్డు అత్తగారింట్లో ఉంటుంది.

తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం శస్త్రచికిత్సతో జరిగినవని అయిదవ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. వెన్నులో మత్తు ఇచ్చిన తర్వాత కొందరికి వచ్చే తలనొప్పికి ఒక స్పష్టమైన లక్షణం ఉంది: కూర్చుంటే, నిలబడితే పెరుగుతుంది; వెల్లకిలా పడుకుంటే తగ్గుతుంది. చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. తగ్గనివారికి ఆసుపత్రిలో చికిత్స ఉంది.

దీనికి విరుద్ధంగా పడుకుంటే పెరిగే, రోజురోజుకూ తీవ్రమయ్యే నొప్పి, వాంతులు, చూపు మసకలు ఉంటే మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ప్రసవానంతరం రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే ఎక్కువ. హైదరాబాదులోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యులు 428 మంది ఇటువంటి రోగుల వివరాలను 2012లో ప్రచురించారు. వారిలో ఎక్కువమందికి కనిపించిన లక్షణం తలనొప్పి. కారణాల్లో రక్తహీనతకు ప్రముఖస్థానం ఉంది. ప్రసవానంతర స్థితీ వాటిలో ఒకటి. బాలింతకు నీళ్ళు తక్కువ ఇవ్వాలి, నీళ్ళు తాగితే కడుపు పెరుగుతుంది, బిడ్డకు జలుబు చేస్తుంది అనే పథ్యం తెలుగిళ్ళలో చాలాచోట్ల ఉన్నది. వేసవిలో రేకులకప్పు కింద, చెవుల్లో దూది, తలకు గుడ్డ కట్టుకొని, పాలిస్తూ, దాహాన్ని అణచుకునే స్త్రీకి ఒంట్లో నీరు తగ్గుతుంది, రక్తం చిక్కబడుతుంది. పథ్యంలో వెల్లుల్లికారం, మిరియాల చారు ఉండవచ్చు. చెంబుడు కాచి చల్లార్చిన నీళ్ళు కూడా మంచంపక్కనే ఉండాలి. ఆమె తల దిమ్ముగా ఉన్నదంటే, నిద్రలేక అయి ఉంటుందని అనుకునే ముందు ఎవరో ఒకరు ఆమెను బీపీ చూపించడానికి వెంటబెట్టుకుని వెళ్ళాలి.